రెండేళ్ల కిందటి జీతం, ఈ ఏటి ఫీజు: ఒక కాలేజీ ఎంపిక కేసు

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కాలేజీ అప్లికేషన్ల విషయంలోనూ, ఫైనాన్షియల్ ఎయిడ్ విషయంలోనూ సలహా ఇవ్వడం నా పని. నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు ఎక్కువమంది మొదట అడిగేది "ఫారాలు ఎలా నింపాలండి?" అని. ఫారాలు ముఖ్యమే. కానీ ఏ కాలేజీలకు అప్లై చేస్తున్నారన్న దగ్గరే ఎయిడ్ చాలావరకు తేలిపోతుంది. ఈ కేసులో అది చాలా స్పష్టంగా కనిపించింది కాబట్టి, కుటుంబం అనుమతితో రాస్తున్నాను. రాష్ట్రం పేరు, కాలేజీల పేర్లు చెప్పడం లేదు. కొన్ని వివరాలు మార్చాను, అంకెలు గుండ్రంగా ఇచ్చాను.

నేపథ్యం

తండ్రి ఐటీ ఉద్యోగి, తల్లి స్కూల్ డిస్ట్రిక్ట్‌లో పార్ట్ టైమ్ ఉద్యోగి. అమ్మాయి పన్నెండో తరగతి, తమ్ముడు తొమ్మిదో తరగతి. అందరికీ గ్రీన్ కార్డులు ఉన్నాయి. 2023లో ఇద్దరి ఆదాయం కలిపి 1,65,000 డాలర్లు. 2024 జూలై చివర్లో తండ్రి ఉద్యోగం పోయింది. కంపెనీ మూడు నెలల సెవరెన్స్ (ఉద్యోగం తీసేసినప్పుడు ఇచ్చే పరిహారం) ఇచ్చింది. పొదుపు 60,000 డాలర్లు, రిటైర్మెంట్ ఖాతా వేరు, ఇంటి మీద లోన్ ఇంకా ఉంది. ఇండియాలో ఊళ్లో తాతగారి స్థలం ఒకటి ఉంది, అన్నదమ్ముల మధ్య ఇంకా పంచుకోలేదు.

గ్రీన్ కార్డు సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. ఫెడరల్ ఎయిడ్‌కు అర్హత విద్యార్థి హోదాను బట్టి ఉంటుంది, తల్లిదండ్రుల వీసాను బట్టి కాదు. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చే డిపెండెంట్ వీసా) మీద ఉన్న పిల్లలకు ఫెడరల్ ఎయిడ్ రాదు. ఇక్కడే పుట్టిన పిల్లలకు మాత్రం, తల్లిదండ్రులు హెచ్-1బీ మీద ఉన్నా అర్హత ఉంటుంది. "మాకు హెచ్-1బీయే కదా, మనకేం రాదులే" అని అమెరికన్ సిటిజన్ అయిన పిల్లకు ఫాఫ్సా (ఫెడరల్ ఎయిడ్ కోసం పెట్టే దరఖాస్తు ఫారం) నింపని ఇళ్లు చూశాను. అలా వదులుకోకండి.

వచ్చిన సమస్య

వాళ్లు సెప్టెంబర్‌లో వచ్చారు. అప్పటికే పది కాలేజీల లిస్టు తయారుగా ఉంది. అందులో మూడు అతి పెద్ద పేరున్న ప్రైవేటు కాలేజీలు, అయిదు వేరే రాష్ట్రాల పబ్లిక్ యూనివర్సిటీలు, ఒకటి సొంత రాష్ట్రం ఫ్లాగ్‌షిప్ (రాష్ట్రంలో ప్రధానమైన పబ్లిక్) యూనివర్సిటీ, ఇంకొకటి "సేఫ్టీ" అని, అంటే సీటు తప్పక వస్తుందన్న ధీమాతో, చివర్లో చేర్చింది. లిస్టు మొత్తం కంప్యూటర్ సైన్స్ ర్యాంకింగ్ చూసి వేసిందే. ఏ కాలేజీ పక్కనా డబ్బు కాలమ్ లేదు.

తండ్రి మాటల్లో ఉన్న బాధ ఇప్పటికీ గుర్తుంది. "ఇరవై ఏళ్లు ట్యాక్స్ కట్టామండి. ఇప్పుడు అవసరం వస్తే, 2023లో మీకు జీతం ఉంది కదా అంటున్నారు."

ఆయన చెప్పింది నిజమే. 2025లో కాలేజీలో చేరే పిల్లకు నింపే 2025-26 ఫాఫ్సా 2023 ట్యాక్స్ రిటర్న్ చూస్తుంది. ఆదాయం ఐఆర్ఎస్ నుంచి నేరుగా వచ్చి పడుతుంది. 2024లో ఉద్యోగం పోయిందని చెప్పడానికి ఆ ఫారంలో చోటు లేదు. మామూలుగా అక్టోబర్ 1న తెరుచుకోవాల్సిన ఫారం ఆ ఏడాది అందరికీ అందుబాటులోకి వచ్చేసరికి నవంబర్ 21 అయింది. సెవరెన్స్ డబ్బు కరుగుతుంటే ఆ ఎదురుచూపు వాళ్లకు ఎంత టెన్షన్ పెట్టి ఉంటుందో చెప్పనక్కర్లేదు.

ఫాఫ్సా నుంచి వచ్చే అంకెను స్టూడెంట్ ఎయిడ్ ఇండెక్స్, క్లుప్తంగా ఎస్ఏఐ అంటారు. అది కుటుంబం కట్టాల్సిన బిల్లు కాదు. ఎయిడ్ లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో కాలేజీకి చెప్పే అంకె. కాలేజీ మొత్తం ఖర్చులోంచి ఎస్ఏఐ తీసేస్తే మిగిలేదే "అవసరం". ఆ అవసరాన్ని పూర్తిగా తీర్చాలని కాలేజీలకు రూలేమీ లేదు. ఈ కేసంతా ఈ ఒక్క విషయం చుట్టూ తిరిగింది.

మొదటి నిర్ణయం: ఎర్లీ డెసిషన్ వద్దు

అమ్మాయికి ఒక ప్రైవేటు కాలేజీ మీద మనసు పడింది. అక్కడ ఎర్లీ డెసిషన్‌లో వేస్తే సీటు వచ్చే అవకాశం పెరుగుతుందని వాళ్ల బాబాయి చెప్పారట. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ ఎర్లీ డెసిషన్ అంటే సీటు వస్తే చేరతామని ముందే సంతకం పెట్టడం. ఎయిడ్ చాలకపోతే ఒప్పందం నుంచి బయటికి రావచ్చు. అయితే ఆ నిర్ణయం డిసెంబర్‌లో, ఇంకే కాలేజీ ఆఫరూ చేతిలో లేనప్పుడు తీసుకోవాలి. ఆదాయం నిలకడగా ఉండి, నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ (ఎయిడ్ పోగా కుటుంబానికి ఎంత పడుతుందో అంచనా వేసే సాధనం) చూపించే అంకె భరించగలమనుకునే ఇల్లయితే నేనే వేయమంటాను. ఇక్కడ తండ్రికి ఉద్యోగం ఎప్పుడు వస్తుందో, ఎంత జీతానికి వస్తుందో తెలియదు. ఈ పరిస్థితిలో కుటుంబానికి కావాల్సింది నాలుగు ఆఫర్లు పక్కపక్కన పెట్టి చూసుకునే వెసులుబాటు. దాన్ని నవంబర్‌లోనే వదులుకోకూడదని చెప్పాను. అమ్మాయి రెండు రోజులు బాధపడి ఒప్పుకుంది.

లిస్టును తిరగరాయడం

ఫెడరల్ ఎయిడ్ తీసుకునే ప్రతి కాలేజీ తన వెబ్‌సైట్‌లో నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ పెట్టాలని 2008 చట్టం చెప్పింది. 2011 అక్టోబర్ నుంచి అది తప్పనిసరి. పది కాలేజీలకూ ఆ లెక్క రెండుసార్లు చేయించాను. ఒకసారి 2023 ఆదాయంతో, ఇంకోసారి తండ్రికి తక్కువ జీతానికి ఉద్యోగం వస్తే ఎంత ఉంటుందో ఆ అంచనాతో. ఈ పని తండ్రి చేత చేయించాను. నేను చేసి ఇస్తే అది నా అభిప్రాయంలా ఉంటుంది. ఆయనే చేస్తే ఆయన లెక్క అవుతుంది.

రెండో లెక్కలో కాలేజీలు మూడు రకాలుగా విడిపోయాయి. పెద్ద పేరున్న ప్రైవేటు కాలేజీల్లో ఆదాయం తగ్గితే ధర బాగా తగ్గింది. వాటి దగ్గర అవసరాన్ని పూర్తిగా తీర్చేంత నిధి ఉంది, సీటు దొరకడమే కష్టం. ఐవీ లీగ్ కాలేజీలు ఎనిమిదీ మెరిట్ స్కాలర్‌షిప్ ఇవ్వవు, అవసరాన్ని బట్టే ఇస్తాయి. హార్వర్డ్, ఎంఐటీ రెండూ 2025-26 నుంచి 2 లక్షల డాలర్ల లోపు ఆదాయం ఉండి, ఆస్తులు మామూలుగా ఉన్న కుటుంబాలకు ట్యూషన్ లేకుండా చేశాయి. కాబట్టి అలాంటివి లిస్టులో ఉండటంలో తప్పులేదు, వాటి మీదే ఆశ పెట్టుకోకూడదు, అంతే. సొంత రాష్ట్రం యూనివర్సిటీల్లో ధర మొదటే తక్కువ. వేరే రాష్ట్రాల పబ్లిక్ యూనివర్సిటీల్లో మాత్రం ఆదాయం ఎంత తగ్గించి చూపినా ధర దాదాపు కదలలేదు. బయటి రాష్ట్రాల పిల్లలు కట్టే ఎక్కువ ఫీజు వాటికి రాబడి. చాలా వరకు ఆ పిల్లలకు ఇవ్వడానికి పెద్దగా గ్రాంటు (తిరిగి కట్టక్కర్లేని సాయం) పెట్టుకోవు.

ఆ అయిదింటిలో నాలుగు తీసేయమన్నాను. ఒకటి అమ్మాయి కోరిక మీద ఉంచాం. వాటి బదులు రెండు రకాల కాలేజీలు వెతికాం. మొదటిది, ఈ అమ్మాయి మార్కులున్న పిల్లలకు మంచి మెరిట్ ఇచ్చే మధ్యస్థాయి ప్రైవేటు కాలేజీలు. ఇందుకు కామన్ డేటా సెట్‌లో, అంటే కాలేజీలు ఒకే నమూనాలో తమ వివరాలు ప్రచురించే పత్రంలో, హెచ్ సెక్షన్ చూడాలి. అవసరంలో ఎంత శాతం తీరుస్తారో, అవసరం లేని పిల్లలకు కూడా సగటున ఎంత మెరిట్ ఇస్తారో అక్కడ ఉంటుంది. కాలేజీ పేరు, కామన్ డేటా సెట్ అని వెతికితే చాలా కాలేజీలవి దొరుకుతాయి. రెండోది, సొంత రాష్ట్రంలోనే మార్కుల ఆధారంగా ఆటోమేటిక్ స్కాలర్‌షిప్, ఆనర్స్ కాలేజీ (మంచి మార్కులున్న పిల్లలకు యూనివర్సిటీలోనే నడిపే ప్రత్యేక విభాగం) ఉన్న ఇంకో పబ్లిక్ యూనివర్సిటీ. ఆ యూనివర్సిటీ పేరు చెప్పగానే తండ్రి ముఖం మారింది. "అక్కడికి పంపడానికా ఇంత కష్టపడింది?" అన్నారు. ఆ రోజు వాదించలేదు. అప్లికేషన్ మాత్రం వేయమన్నాను, ఆఫర్ చేతికొచ్చాక మాట్లాడుకుందామన్నాను.

కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి ఫ్లాగ్‌షిప్‌కు ట్రాన్స్‌ఫర్ అయ్యే దారి గురించి కూడా మాట్లాడుకున్నాం. ఇంట్లో ఎవరికీ నచ్చలేదు. నా దృష్టిలో అది చాలా మంచి దారి. కానీ ఈ అమ్మాయికి మెరిట్ వచ్చే అవకాశం ఎక్కువగా ఉంది, ఫస్ట్ ఇయర్‌లో చేరేవాళ్లకు ఇచ్చే మెరిట్ తరచుగా ట్రాన్స్‌ఫర్ వాళ్లకు ఇవ్వరు. అందుకని నేనూ గట్టిగా పట్టుబట్టలేదు.

స్థలం లెక్క

ఫాఫ్సా డ్రాఫ్టులో తండ్రి ఊళ్లో స్థలం మొత్తం మార్కెట్ విలువ, 1,50,000 డాలర్లు, వేశారు. నిజాయితీగా వేశారు. ఇండియాలో ఆస్తి చూపించక్కర్లేదని సలహా ఇచ్చేవాళ్లు కూడా ఉంటారు. అది తప్పు. మనం ఉంటున్న ఇల్లు తప్ప మిగతా స్థిరాస్తి ఏ దేశంలో ఉన్నా పెట్టుబడి కిందే చూపించాలి. అయితే చూపాల్సింది మన వాటా మాత్రమే. ముగ్గురు అన్నదమ్ముల ఉమ్మడి స్థలంలో ఆయన వాటా మూడో వంతు, అంటే 50,000. తల్లిదండ్రుల ఆస్తిలో గరిష్ఠంగా 5.64 శాతం ఎస్ఏఐలో కలుస్తుంది. లక్ష డాలర్లు ఎక్కువ చూపితే ఎస్ఏఐ 5,640 పెరుగుతుందన్న మాట. ఈ ఒక్క సవరణతో 43,000 దగ్గర ఉన్న ఎస్ఏఐ అంచనా 38,000 కంటే కిందికి వచ్చింది. తాతగారి పేరు మీద ఉన్న పాత పత్రాలు, వారసత్వ సర్టిఫికెట్ కాపీలు తెప్పించి పెట్టుకోమన్నాను. తర్వాత ప్రైవేటు కాలేజీ అడిగింది కూడా.

ఊళ్లో ఉన్న అమ్మమ్మ వైద్యానికి వాళ్లు ప్రతి నెలా డబ్బు పంపుతున్నారు. ఫాఫ్సాలో దానికి చోటు లేదు. ప్రైవేటు కాలేజీలు చాలావరకు అడిగే సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఇంకో ఎయిడ్ ఫారంలో ప్రత్యేక పరిస్థితులు రాసే పెట్టె ఉంటుంది. అక్కడ ఉద్యోగం పోయిన తేదీ, సెవరెన్స్ ముగిసే తేదీ, అమ్మమ్మకు పంపే మొత్తం మూడూ నాలుగు వాక్యాల్లో రాయించాను. సీఎస్ఎస్‌లో ఇంటి ఈక్విటీ (ఇంటి విలువలోంచి లోన్ పోగా మిగిలేది) కూడా అడుగుతారు, ఫాఫ్సాలో అడగరు. ఒకే కుటుంబం రెండు చోట్ల రెండు రకాలుగా కనిపించడానికి అదొక కారణం.

పని చేయనివి

బయటి స్కాలర్‌షిప్‌ల వేట. అమ్మాయి ఆ శీతాకాలమంతా వ్యాసాల పోటీలకు రాస్తూనే ఉంది. రెండు వచ్చాయి, మొత్తం 1,500 డాలర్లు. ఇందులో పిల్ల కష్టాన్ని తక్కువ చేయను. కానీ ఇల్లంతా ఆశ పెట్టుకున్నది దీని మీదే. ఒక ప్రైవేటు కాలేజీ తర్వాత ఆ 1,500ను తన గ్రాంటులోంచి తగ్గించేసింది. అలా చేయడం చాలా కాలేజీల్లో మామూలే. ఏటా వచ్చే పెద్ద మొత్తాలు కాలేజీల సొంత డబ్బులోంచి వస్తాయి. ఒక్కసారి వచ్చే బయటి చెక్కు కోసం డిసెంబర్ నెలంతా ఖర్చు పెట్టడం ఈ కేసులో గిట్టుబాటు కాలేదు.

అప్పీలు (ఎయిడ్‌ను తిరిగి పరిశీలించమని కాలేజీని కోరడం) మొదటి లేఖ. మార్చిలో ఆఫర్లు రాగానే బాబాయిగారి సాయంతో తండ్రి ఒక లేఖ రాసి పంపేశారు. రెండు పేజీలు. ఇండియా నుంచి వచ్చిన రోజుల దగ్గర మొదలై, పిల్ల కల, తండ్రి ఆవేదన అన్నీ ఉన్నాయి. అందులో ఒక్క అబద్ధం కూడా లేదు. కానీ ఎయిడ్ ఆఫీసర్‌కు పనికొచ్చే అంకె కూడా ఒక్కటి లేదు. "డాక్యుమెంట్లు పంపండి" అని ఒక వాక్యం జవాబొచ్చింది.

ఔట్-ఆఫ్-స్టేట్ యూనివర్సిటీలో అప్పీలు. దీని గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. అమ్మాయి కోరిక మీద ఉంచిన ఆ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ సీటు వచ్చింది. ఇంట్లో పండగ చేసుకున్నారు. వారం తర్వాత ఎయిడ్ వివరాలు చెప్పే అవార్డ్ లెటర్ వచ్చింది. మొత్తం ఖర్చు 62,000. స్కాలర్‌షిప్ 4,000. విద్యార్థి ఫెడరల్ లోన్ 5,500. పేరెంట్ ప్లస్ లోన్ (తల్లిదండ్రులు తీసుకునే ఫెడరల్ అప్పు) 52,500. చివరి గడిలో "మీరు చెల్లించాల్సినది: 0".

"సున్నా అని ఉంది కదండీ" అని తల్లి ఫోన్‌లో అడిగినప్పుడు ఏం చెప్పాలో ఒక క్షణం తోచలేదు. అందులో తిరిగి కట్టక్కర్లేని డబ్బు 4,000 మాత్రమే. మిగిలినదంతా అప్పు. ప్లస్ లోన్‌కు 2024-25లో వడ్డీ 9.08 శాతం, పైగా లోన్ ఇచ్చేటప్పుడే 4.228 శాతం ఫీజు కోసుకుంటారు. అప్పును కూడా "అవార్డు" కింద కలిపి రాసే అలవాటు కాలేజీల్లో ఎంతగా ఉందంటే, ఫెడరల్ ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం 91 శాతం కాలేజీలు తమ ఆఫర్లలో నికర ధర అసలు చూపడం లేదు, లేదా ఉన్నదానికంటే తక్కువ చేసి చూపుతున్నాయి.

ఆ యూనివర్సిటీకి కూడా పత్రాలతో అప్పీలు పెట్టాం. వాళ్లు మర్యాదగా, త్వరగా చూశారు. ఎస్ఏఐని 18,000కు తగ్గించారు. గ్రాంటు మాత్రం ఒక్క డాలరు పెరగలేదు. ఎందుకంటే ఎస్ఏఐ తగ్గితే కాగితం మీద అవసరం పెరుగుతుంది, ఆ అవసరాన్ని తీర్చే డబ్బు కాలేజీ దగ్గర ఉండాలి కదా. 18,000 ఎస్ఏఐకి పెల్ గ్రాంట్ (తక్కువ ఆదాయం వాళ్లకు ఇచ్చే ఫెడరల్ సాయం) కూడా రాదు. అప్పీలు గెలిచారు, ధర మాత్రం అలాగే ఉంది.

పని చేసినవి

చట్టం ఎయిడ్ ఆఫీసర్‌కు ఒక అధికారం ఇచ్చింది. దాన్ని ప్రొఫెషనల్ జడ్జ్‌మెంట్ అంటారు. ఉద్యోగం పోవడం, పెద్ద వైద్య ఖర్చు లాంటి ప్రత్యేక పరిస్థితి ఉంటే, పత్రాలు చూసి ఫాఫ్సా అంకెలను సవరించవచ్చు. ఇది ప్రతి కాలేజీలో విడివిడిగా అడగాలి. ఒక కాలేజీ ఒప్పుకున్నంత మాత్రాన ఇంకోటి ఒప్పుకోవాలని లేదు. కాదంటే విద్యాశాఖకు పైఅప్పీలు కూడా లేదు. కాబట్టి వెళ్లే ఫైలు మొదటిసారే సరిగా ఉండాలి.

రెండో లేఖ ఒక పేజీ దాటకుండా రాయించాను. పైన ఒక చిన్న పట్టిక: 2023లో ఎంత, 2024లో ఎంత, 2025లో ఎంత రావచ్చు. ఫిబ్రవరిలో తండ్రికి ఏడాదికి 80,000 లెక్కన కాంట్రాక్టు ఉద్యోగం వచ్చింది. మొదట దాన్ని లేఖలో చెప్పాలా వద్దా అని ఆయన తటపటాయించారు. చెప్పి తీరాలన్నాను. నిజం దాచడం తప్పు, అది మొదటి సంగతి. రెండోది, "ఆదాయం లేదు" అనే ఫైలు కంటే "ఆదాయం ఇంతకు తగ్గింది, ఇదిగో ఆఫర్ లెటర్" అనే ఫైలు మీద ఆఫీసర్ ధైర్యంగా సంతకం పెట్టగలుగుతారు. కొత్త సంవత్సరం అంచనా తేలడానికి ఆ ఉద్యోగమే ఆధారమైంది. టెర్మినేషన్ లెటర్, చివరి పే స్టబ్, సెవరెన్స్ పత్రం, నిరుద్యోగ భృతి స్టేట్‌మెంట్, 2024 డబ్ల్యూ-2లు (ఏడాది జీతం, ట్యాక్స్ చూపే పత్రాలు), కొత్త ఆఫర్ లెటర్ అన్నీ వరుసగా జతచేశాం. చివర్లో ఒక్క వాక్యం, "2025 అంచనా ఆదాయం ఆధారంగా ఎయిడ్‌ను తిరిగి పరిశీలించగలరు" అని.

మధ్యస్థాయి ప్రైవేటు కాలేజీలో దీనికి ఫలితం కనిపించింది. అక్కడ మొత్తం ఖర్చు 74,000. మెరిట్ 30,000 ముందే ఇచ్చారు. అవసరాన్ని బట్టి ఇచ్చిన 6,000 గ్రాంటును 14,000కు పెంచారు. కుటుంబం చూసుకోవాల్సింది 30,000కు దిగింది.

ఫ్లాగ్‌షిప్‌లో మొత్తం ఖర్చు 32,000. ఎస్ఏఐ 38,000 దగ్గర ఉన్నప్పుడు లెక్క ప్రకారం అవసరమే లేదు. అక్కడా అప్పీలుతో 18,000కు తగ్గాక 3,000 గ్రాంటు వచ్చింది, 5,500 లోన్‌లో 3,500 సబ్సిడైజ్డ్ అయింది, అంటే చదువుతున్నంత కాలం దాని వడ్డీ ప్రభుత్వం భరిస్తుంది. మిగిలినది 29,000. అయితే అమ్మాయికి అక్కడ నేరుగా కంప్యూటర్ సైన్స్‌లో సీటు రాలేదు. మొదటి ఏడాది తర్వాత పోటీలో నెగ్గి మారాలి.

తండ్రి ముఖం మారిన ఆ రెండో పబ్లిక్ యూనివర్సిటీలో ఖర్చు 28,000, ఆటోమేటిక్ మెరిట్ 10,000, ఆనర్స్ కాలేజీలో చోటు, నేరుగా కంప్యూటర్ సైన్స్. మిగిలినది 18,000. పెద్ద పేరున్న మూడు ప్రైవేటు కాలేజీల్లో సీటు రాలేదు.

ఎంపిక

ఏప్రిల్ మొదటి వారంలో అందరం కూర్చున్నాం. ముందుగా కాలేజీల గురించి మాట్లాడనివ్వలేదు. ఇల్లు ఎంత భరించగలదో ఆ అంకె తేల్చాం. నెలవారీ ఆదాయం నుంచి ఏటా 14,000. పొదుపులో సగం అత్యవసరానికి పక్కన పెడితే, మిగిలినదానిలోంచి ఏటా 5,000. అమ్మాయి పేరు మీద ఫెడరల్ లోన్ మొదటి ఏడాది 5,500. మొత్తం 24,500. దీన్ని దాటితే పేరెంట్ ప్లస్ తీసుకోవాలి.

అప్పుడు తల్లి అడిగారు, "మరి చిన్నవాడి సంగతేంటండి?" అంతవరకు ఆ మాట ఎవరూ ఎత్తలేదు. పాత పద్ధతిలో ఇంట్లో ఇద్దరు ఒకేసారి కాలేజీలో ఉంటే తల్లిదండ్రుల వంతును ఇద్దరి మధ్యా పంచి లెక్కించేవారు. 2024-25 నుంచి ఫెడరల్ లెక్కలో ఆ వెసులుబాటు తీసేశారు. అక్క నాలుగో ఏడు చదువుతున్నప్పుడు తమ్ముడు మొదటి ఏడాదిలో ఉంటాడు. పొదుపు మొత్తం ఇప్పుడే ఖర్చయితే వాడికి మిగిలేది అప్పు మాత్రమే.

తండ్రి ఇంకా ఫ్లాగ్‌షిప్ వైపే ఉన్నారు. పేరు మీద ఆశ ఉండటం తప్పు కాదు, ఆ పేరుకు ఉద్యోగాల్లో కొంత విలువా ఉంది. కానీ అక్కడ లోటు ఏటా 4,500, పైగా కోరుకున్న మేజర్‌కు గ్యారంటీ లేదు. మేజర్ మారలేక అయిదో ఏడు చదవాల్సి వస్తే ఇంకో 29,000 పైమాట. మేజర్‌కు గ్యారంటీ లేకపోవడం కూడా ఒక ఖర్చే, అది అవార్డ్ లెటర్‌లో కనిపించదు.

ప్రైవేటు కాలేజీ క్యాంపస్ అమ్మాయికి బాగా నచ్చింది. అక్కడ నన్ను ఆపింది ఆ 14,000 గ్రాంటు. మెరిట్ జీపీఏ నిలబెట్టుకున్నంత కాలం మారదు. అవసరాన్ని బట్టి ఇచ్చేది ప్రతి ఏడాదీ మళ్లీ లెక్కిస్తారు. రెండో ఏడాది ఫాఫ్సా 2024 ఆదాయాన్ని చూస్తుంది. అందులో ఏడు నెలల పాత జీతం, సెవరెన్స్, భృతి కలిసి 1,50,000 దాకా ఉంటుంది. మళ్లీ అప్పీలు పెట్టాలి, మళ్లీ ఒప్పుకుంటారని ఎవరూ చెప్పలేరు. ఒక ఆఫర్‌లో ఎంత భాగం స్థిరం, ఎంత భాగం ఏటా తేలాల్సిందో విడదీసి చూడకుండా రెండు కాలేజీలను పోల్చకూడదు.

ఒక చిన్న వింత కూడా చెప్పాలి. రెండో పబ్లిక్ యూనివర్సిటీలో సబ్సిడైజ్డ్ లోన్ రాలేదు. 28,000లోంచి 18,000 ఎస్ఏఐ, 10,000 మెరిట్ తీసేస్తే అవసరం సున్నా. అందుకని 5,500 మొత్తం అన్‌సబ్సిడైజ్డే, వడ్డీ మొదటి రోజు నుంచే నడుస్తుంది. తండ్రి దీన్ని పట్టుకుని "చూశారా, ఇక్కడ లోన్ కూడా సరైనది కాదు" అన్నారు. 3,500 మీద వడ్డీ ఏడాదికి రెండు మూడు వందల డాలర్లు. రెండు కాలేజీల మధ్య తేడా ఏడాదికి 11,000. రెండూ కాగితం మీద పక్కపక్కన రాసి చూపించాను.

అమ్మాయి అప్పటిదాకా ఎక్కువ మాట్లాడలేదు. ఆనర్స్ కాలేజీ పిల్లలతో ఒక రోజు గడిపి వస్తానని అడిగింది. వెళ్లింది. చిన్న క్లాసులు, మొదటి ఏడాదే ప్రొఫెసర్ దగ్గర రీసెర్చ్‌లో చేరిన పిల్లలు, తన ఏపీ క్రెడిట్లన్నీ (హైస్కూల్లోనే చదివిన కాలేజీ స్థాయి కోర్సులవి) తీసుకుంటామన్న అడ్వైజర్. తిరిగొచ్చి, "ఆంటీ, అక్కడ నేను సీఎస్ కోసం మళ్లీ పోటీ పడక్కర్లేదు. చదువుకోవచ్చు" అంది. మే 1 గడువుకు వారం ముందే అక్కడ డిపాజిట్ కట్టారు. తండ్రి ఒప్పుకున్నారు, సంతోషంగా ఒప్పుకున్నారని మాత్రం రాయలేను. పేరు మీద బెంగ ఆయనకు ఆ వేసవంతా ఉంది.

ముందు చూడని ఖర్చు ఒకటి జూలైలో బయటపడింది. తండ్రి కాంట్రాక్టు ఉద్యోగంలో హెల్త్ ఇన్సూరెన్స్ లేదు. బయటి ఇన్సూరెన్స్ చూపకపోతే యూనివర్సిటీ తన ప్లాన్‌ను బిల్లులో కలిపేస్తుంది. కుటుంబానికి మార్కెట్‌ప్లేస్ (ప్రభుత్వ ఇన్సూరెన్స్ సైట్) ప్లాన్ తీసుకుని, గడువులోపు యూనివర్సిటీ ప్లాన్ వద్దని వేవర్ పెట్టి తప్పించుకున్నారు. గడువు దాటితే రెండు వేలకు పైగా కట్టాల్సి వచ్చేది.

ఈ కేసు నుంచి నా పద్ధతిలో మారినవి

ఇప్పుడు నేను ఏ కుటుంబాన్నైనా మొదట అడిగేది ర్యాంకింగ్ లిస్టు కాదు, ఏటా ఎంత భరించగలరన్న అంకె. పిల్లకు ఆ అంకె పదకొండో తరగతిలోనే చెప్పమంటాను. మన ఇళ్లలో డబ్బు సంగతి పిల్లలకు తెలియనివ్వకపోవడం ప్రేమ అనుకుంటాం. ఈ అమ్మాయికి విషయం తెలిశాక చాలా పరిణతితో ఆలోచించింది. తెలియనప్పుడు భరించలేని కాలేజీల మీద మనసు పెట్టుకుంది, అందులో ఆమె తప్పేమీ లేదు.

అప్పీలు గురించి ఆశ పెట్టేముందు ఆ కాలేజీ దగ్గర సొంత గ్రాంటు డబ్బు ఉందా లేదా అని కామన్ డేటా సెట్‌లో చూస్తాను. లేకపోతే ఆ శ్రమ ఇంకో కాలేజీ మీద పెట్టమంటాను. పేరెంట్ ప్లస్‌ను ఎయిడ్ కింద లెక్కపెట్టను. 2026 జూలై 1 నుంచి కొత్తగా తీసుకునేవాళ్లకు దానికి హద్దు కూడా వచ్చింది: ఒక్కో విద్యార్థికి ఏడాదికి 20,000, మొత్తం 65,000. 52,500 ప్లస్ లోన్‌తో సున్నా చూపించిన ఆ లెటర్ ఇక ముందు అలా రాయడం కుదరదు. మొదటి ఏడాది ఎలాగోలా కట్టి, మిగతాది తర్వాత చూద్దామనుకునే ఇళ్లకు ఈ హద్దు గురించి ముందే చెబుతున్నాను.

రెండో ఏడాది ఫాఫ్సా అనుకున్నట్టే 2024 ఆదాయంతో ఎస్ఏఐని పైకి చూపించింది. మెరిట్‌కు దానితో సంబంధం లేదు కాబట్టి బిల్లు మారలేదు. అమ్మాయి మొదటి సెమిస్టర్ 15 క్రెడిట్లతో, మెరిట్‌కు కావాల్సిన జీపీఏ కంటే బాగా పైన పూర్తి చేసింది. తమ్ముడు 2028లో కాలేజీలో చేరతాడు. వాడి ఫాఫ్సా చూసేది 2026 ఆదాయాన్ని. ఆ సంవత్సరం లెక్కలు ఎలా ఉంచుకోవాలో, స్థలం పంపకం జరిగితే ఏం చూపాలో తండ్రితో ఇప్పుడే మాట్లాడుతున్నాను.